నడుం విరిస్తే నొప్పి విరుగుతుందా?

నడుం నొప్పి అంటే ఏమిటో తెలియని మనిషి మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ మనిషి ఇంకా బడికి వెళ్ళే వయసులోనైనా ఉండాలి, లేదా అబద్ధమైనా చెబుతూ ఉండాలి. 2020లో ప్రపంచం మొత్తం మీద 61 కోట్ల 90 లక్షల మంది నడుం నొప్పితో బాధపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మనుషుల్ని పనికి దూరం చేసే కారణాల్లో దీనిదే మొదటి స్థానం.

అచ్చంపేటలో వేరుశనగ బస్తా ఎత్తే హమాలీకీ, పత్తి ఏరే కూలీకీ, రోజూ బస్సులో హైదరాబాదు వెళ్ళివచ్చే ఉద్యోగికీ, మిషను కుట్టే ఇల్లాలికీ ఈ నొప్పి ఒకేలా వస్తుంది. వచ్చిన మర్నాడు ఇంట్లో సలహాల సంత మొదలవుతుంది. తవుడు కాపడం పెట్టమని అమ్మమ్మ అంటుంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాడిని పిలిచి నడుం మీద తొక్కించమని పక్కింటాయన చెబుతాడు. క్షవరం అయ్యాక మెడా నడుమూ ఒక్కసారి విరిపించుకుంటే హాయిగా ఉంటుందని స్నేహితుడంటాడు. పట్నంలో ఎమ్మారై తీయిస్తే అసలు సంగతి బయటపడుతుందని బావమరిది పట్టుబడతాడు. ఇప్పుడు వీటికి సెల్‌ఫోను వీడియోలు తోడయ్యాయి. బల్లమీద పడుకోబెట్టి, ఒక్క ఊపుతో మెడ తిప్పి, 'టక్' మని చప్పుడు చేయించి, రోగిని నవ్వుతూ లేపి కూర్చోబెట్టే వీడియోలు. ఆ వైద్యం పేరు కైరోప్రాక్టిక్.

అది నిజంగా పని చేస్తుందా? మన ఊళ్ళో తొక్కడానికీ, ఆ దేశంలో విరవడానికీ తేడా ఏమిటి? మన నడుం మాటేమిటి? ఈ వారం దీని గురించే మాట్లాడుకుందాం.

ఈ సంగతి బాగా అర్థం కావాలంటే ఆ విద్య చదివే విద్యార్థి వెంట నాలుగేళ్ళు నడవాలి. అచ్చంపేట నుంచి ఒక కుర్రవాడు అమెరికా వెళ్ళి కైరోప్రాక్టిక్ కాలేజీలో చేరాడనుకోండి. చేరిన రోజున వెన్నెముక గురించి అతను నమ్మేది ఒకటి, చదువు పూర్తయ్యేనాటికి తెలుసుకునేది మరొకటి. ఆ మార్పులోనే మీకూ నాకూ పనికివచ్చే వైద్యం ఉంది.

చెవిటితనంతో మొదలైన విద్య

చేరగానే అతనికి చెప్పే మొదటి కథ ఇది. అమెరికాలో అయోవా రాష్ట్రంలో డావెన్‌పోర్ట్ అనే ఊరుంది. అక్కడ డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన అయస్కాంత వైద్యం చేస్తుండేవాడు. ఆ భవనంలో ఊడ్చి తుడిచే పని చేసే హార్వే లిలార్డ్‌కి చాలా ఏళ్ళుగా చెవుడు. ఒకరోజు వంగి ఏదో చేస్తుంటే వీపులో ఏదో 'కలుక్కు'మందనీ, అప్పటి నుంచే వినపడడం లేదనీ అతను చెప్పాడు. పామర్ వీపు తడిమి చూసి, ఒక పూస ఎత్తుగా ఉందని అక్కడ గట్టిగా నొక్కాడు. చెవుడు పోయిందన్నారు. ఇది జరిగింది 1895 సెప్టెంబరులో. 1897లో పామర్ బడి పెట్టాడు. గ్రీకు భాషలో 'చేతితో చేసేది' అనే అర్థం వచ్చేటట్టు ఆ విద్యకి పేరు పెట్టారు.

పామర్ సిద్ధాంతం చాలా సూటిగా ఉంటుంది. వెన్నుపూస కొంచెం పక్కకి తొలగుతుంది, తొలగి నరాన్ని నొక్కుతుంది, నరం నలిగితే రోగం వస్తుంది, కాబట్టి పూసను సర్దితే రోగం పోతుంది. తొలగడాన్ని వాళ్ళు 'సబ్‌లక్సేషన్' అన్నారు. అన్ని రోగాలకీ ఇదే మూలమనేవరకూ వెళ్ళారు. లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని పామర్‌ని 1906లో జైల్లో కూడా పెట్టారు. అయినా ఆ విద్య ఆగలేదు. కారణం చాలా చిన్నది. ఆ రోజుల్లో డాక్టర్లు నడుం నొప్పికి చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఈయన మాత్రం రోగి ఒంటి మీద చెయ్యి వేసేవాడు.

మన కుర్రవాడికి ఈ కథ కొత్తగా అనిపించదు. "నరం మీద నరం ఎక్కింది", "పూస తొలిగింది" అని నాయనమ్మ నోట ఎప్పుడో విన్నాడు. మాట ఇంగ్లీషులోకి మారిందంతే. అందుకే మొదటి ఏడు అతను గట్టిగా నమ్ముతాడు. వెన్నెముక అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకలనీ, ఒక ఇటుక జరిగితే గోడ వంగుతుందనీ, తన చేత్తో తోస్తే మళ్ళీ సరిగ్గా నిలబడుతుందనీ అనుకుంటాడు.

శవం ముందు మారిన బుద్ధి

తరువాత శరీర నిర్మాణం చదవాలి. ఆ డిగ్రీకి కనీసం 4,200 గంటల చదువు ఉంటుంది. శవాన్ని కోసి చూడటం అందులో భాగం. అక్కడే ఇటుకల బొమ్మ మొదటిసారి చెదురుతుంది.

మన వెన్నులో 33 పూసలుంటాయి. మెడలో 7, వీపులో 12, నడుంలో 5. ఆ కింద 5 పూసలు అతుక్కుని ఒకే ఎముకగానూ, చివర 4 చిన్నపూసలు తోకగానూ ఉంటాయి. పూసకీ పూసకీ మధ్య ఉండే మెత్తటి బిళ్ళే డిస్క్. దాని చుట్టూ ఉల్లిపాయ పొరల్లాగా గట్టి పొరలుంటాయి, మధ్యలో జిగురులాంటి పదార్థం ఉంటుంది. ముందూ వెనకా బలమైన పట్టీలు పూసల్ని కట్టేసి ఉంచుతాయి. వాటిమీద కండలు పొరలు పొరలుగా పరుచుకుని ఉంటాయి. శవంలో ఒక్క పూసను బయటికి తియ్యాలంటే విద్యార్థికి కత్తీ రంపమూ రెండూ కావాలి. తుమ్మితేనో, తల పక్కకి తిప్పితేనో జరిగిపోయే వస్తువు కాదది. చెట్టు మీంచి పడ్డప్పుడూ, బండి గుద్దినప్పుడూ పూస నిజంగా తొలగవచ్చు. అలా తొలగితే మనిషి నడిచి వైద్యుడి దగ్గరికి రాడు, మోసుకుని తీసుకురావాలి.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది. వినికిడి నరం చెవి నుంచి మెదడుకి పుర్రె లోపలే వెళుతుంది. అది వీపు దాకా రాదు. వీపు నొక్కితే ఆ నరం ఎలా బాగుపడుతుంది? విద్య పుట్టుక కథే శరీర శాస్త్రానికి పొసగలేదు.

వెన్నెముకను ఇటుకల గోడగా కాక, వెదురుగడగా చూడండి. వంగుతుంది, ఊగుతుంది, మళ్ళీ నిలబడుతుంది. బరువు పడితే ఎముక చిక్కబడుతుంది, కండ బలపడుతుంది. వాడకపోతేనే రెండూ పలచబడతాయి. 'సున్నితం', 'జాగ్రత్త', 'వంగకు', 'కదలకు' అని భయపెట్టవలసిన అవయవం కాదది.

బ్రిటన్‌లో కైరోప్రాక్టిక్ వైద్యుల్ని నియంత్రించే మండలి 2010లో ఈ 'సబ్‌లక్సేషన్' మాటను చరిత్రకి సంబంధించిన భావనగానే చూడాలని చెప్పింది. అది జబ్బులకి కారణమని చెప్పడానికి పరిశోధనల ఆధారం లేదని ప్రకటించింది. అంటే ఆ ఇంటివాళ్ళే పాత దూలాన్ని తీసి పక్కన పెట్టారన్నమాట. అయితే ఆ పాత సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడేవాళ్ళు ఆ వృత్తిలో ఇప్పటికీ ఉన్నారు.

'టక్' మన్నది ఎముక కాదు

మరి ఆ చప్పుడేమిటి? పూస చోటికి వచ్చిందనేగా అందరి నమ్మకం!

కాదు. కీలులో నూనెలాంటి ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారి లాగినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి ఆ ద్రవంలో ఒక ఖాళీ, గాలి బుడగలాంటిది ఏర్పడుతుంది. ఆ చప్పుడు దానిదే. మీరు వేళ్ళు విరుచుకునేటప్పుడు జరిగేదీ ఇదే. 2015లో కెనడాలో వేలు విరిచేటప్పుడే ఎమ్మారై తీసి ఈ ఖాళీ ఏర్పడటాన్ని కళ్ళారా చూశారు. చప్పుడు వచ్చాక కాసేపు ఆ కీలు మళ్ళీ పలకకపోవడం మీరూ గమనించే ఉంటారు. చప్పుడు ఎంత పెద్దదైతే వైద్యం అంత గొప్పదని మాత్రం అనుకోకండి.

నడుం విరిచాక హాయిగా అనిపించే మాట నిజమే. బిగుసుకున్న కండ కొంచెం వదులవుతుంది. నొప్పి కబురు మెదడుకి మోసే నరాల దగ్గర ఆ కబురు కొద్దిసేపు మందగిస్తుంది. పైగా ఒక మనిషి మన మాట విని, మన ఒంటి మీద చెయ్యివేసి, "తగ్గిపోతుంది లెండి" అన్నాడు. అదీ తక్కువ మందు కాదు. కానీ ఈ హాయి సాధారణంగా కొద్ది గంటలో, కొద్ది రోజులో ఉంటుంది.

ఫోటోలో కనపడిందల్లా రోగం కాదు

మూడో ఏట విద్యార్థి చేతికి ఎక్స్‌రేలూ, స్కానులూ వస్తాయి. అతని రెండో నమ్మకం ఇక్కడ పోతుంది.

1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు డిస్క్ ఉబికి నరాన్ని నొక్కడం వల్ల కాలిలోకి నొప్పి దిగుతుందని నిరూపించారు. ఇదే సయాటికా. అది నిజం. కాని ఆ తరువాత ఏ నడుం నొప్పి వచ్చినా డిస్క్ మీదే నేరం మోపడం అలవాటైంది. 1994లో అమెరికాలో ఒక పని చేశారు. నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వాళ్ళలో సగానికి పైగా, అంటే నూటికి 52 మందికి, కనీసం ఒక డిస్క్ ఉబ్బి కనపడింది. నొప్పి మాత్రం లేదు! 2015లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి 3,110 మంది లెక్కలు తీశారు. నొప్పి లేని 20 ఏళ్ళవాళ్ళలోనే నూటికి 37 మందికి డిస్క్ అరుగుదల కనపడింది. 80 ఏళ్ళవాళ్ళలో 96 మందికి కనపడింది. అంటే అది తల నెరవడం లాంటిది. నెరిసిన వెంట్రుకకి ఎవరూ ఆపరేషన్ చేయించుకోరు కదా!

ఇదెందుకింత చెబుతున్నానంటే, చిన్న ఊళ్ళ నుంచి పట్నం వెళ్ళి వేలకి వేలు పోసి స్కాను తీయించుకుని, కాగితం మీద 'డిస్క్ బల్జ్' అనే మాట చూసి కుంగిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ రోజు నుంచి వాళ్ళు వంగరు, బరువెత్తరు, బిడ్డను ఎత్తుకోరు. నొప్పి కన్నా ఆ కాగితమే వాళ్ళను ఎక్కువగా మంచాన పడేస్తుంది. కింద చెప్పబోయే ప్రమాద సూచనలు లేకపోతే, మొదటి ఆరువారాల్లో స్కాను అవసరం సాధారణంగా ఉండదు.

కాలిలోకి గుంజే నొప్పి ఉన్నా వెంటనే కత్తికి తొందరపడనక్కరలేదు. ఉబికిన డిస్క్ చాలామందిలో కొన్ని నెలల్లో తనంతట తానే కుంచించుకుపోతుంది. 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది సయాటికా రోగుల్ని చూశారు. తొందరగా ఆపరేషన్ చేసినవాళ్ళకి నొప్పి త్వరగా తగ్గింది, నిజమే. కాని ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ నూటికి 95 మంది బాగుపడ్డారు. తాళలేని నొప్పి ఉన్నవాళ్ళకి ఆపరేషన్ మేలే. "ఇప్పుడు చేయించకపోతే జన్మలో నడవలేరు" అనే మాట మాత్రం అందరికీ వర్తించదు. అప్పు చేసి సంతకం పెట్టే ముందు రెండో డాక్టరు సలహా తీసుకోండి.

తొక్కినవాడికి దక్కిన పేరు

నాలుగో ఏట అసలు రోగుల్ని చూడడం మొదలవుతుంది. ఇక్కడ తెలిసే సంగతి అన్నిటికన్నా చేదు. ఎవరికైనా నొప్పి భరించలేనంత అయిన రోజునే వైద్యుడి దగ్గరికి వెళతారు. ఆ రోజే శిఖరం. ఆ తరువాత ఏం చేసినా, చెయ్యకపోయినా, చాలామందికి తగ్గుముఖం పట్టవలసిందే. కొత్తగా పట్టిన నడుం నొప్పి ఎక్కువమందికి కొద్ది వారాల్లోనే బాగా తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయంలో ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తొక్కితే పేరు అతనికి వస్తుంది. కాపడం పెడితే తవుడికి వస్తుంది. మాత్ర వేస్తే మాత్రకి వస్తుంది. కైరోప్రాక్టిక్ చేస్తే ఆ చేతికి వస్తుంది.

అందుకే శాస్త్రం "మావాడికి తగ్గింది" అన్న మాటతో తృప్తిపడదు. ఒక వర్గానికి ఒక వైద్యం, మరొక వర్గానికి మరొక వైద్యం చేసి పోల్చి చూస్తుంది. దీర్ఘకాలపు నడుం నొప్పిలో వెన్ను సర్దే వైద్యం మీద అలాంటి 47 పరిశోధనల్ని కలిపి 2019లో తూచారు. తేలిందేమిటంటే, అది వ్యాయామంలాంటి ఇతర మంచి వైద్యాలతో సమానంగా పని చేస్తుంది, అంతకు మించి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన సూచనల్లో కూడా చదువుకున్నవారు చేసే ఈ వైద్యాన్ని పనికివచ్చే మార్గాల్లో ఒకటిగా చేర్చింది. దానితోపాటు వ్యాయామాన్నీ, రోగికి విషయం విడమరిచి చెప్పడాన్నీ చేర్చింది. నడుం బెల్టుల్నీ, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌నీ మామూలుగా వాడవద్దంది.

అంటే మన కుర్రవాడి చదువు వృథా కాలేదు. అతని చేతులకి పని ఉంది. కాని తాను పూసలు సర్దుతున్నాననే గర్వం పోయింది. చెవుడూ, ఉబ్బసమూ, బీ.పీ. తన చేతుల్లో నయమవుతాయనే భ్రమ పోయింది. నొప్పి ఉన్నది వెన్నులో ఒక్కచోటే కాదనీ, నిద్రపట్టని రాత్రిలోనూ, తీరని అప్పులోనూ, 'ఇక నేను పనికిరాను' అనే భయంలోనూ కూడా ఉందనీ తెలిసింది.

మెడతో చెలగాటం వద్దు

ఇక ప్రమాదాల సంగతి. మెదడుకి రక్తం తీసుకువెళ్ళే రెండు ధమనులు మెడపూసల పక్కన ఉండే రంధ్రాల్లోంచి పైకి వెళతాయి. మెడను ఒక్క కుదుపుతో తిప్పితే అరుదుగా ఆ ధమని లోపలి పొర చిరగవచ్చు. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి చేరితే పక్షవాతం. 2022లో హైదరాబాదులో ఒక బ్యూటీ పార్లర్‌లో జుట్టు కడిగించుకోవడానికి మెడ వెనక్కి వాల్చిన 50 ఏళ్ళ మహిళకి తల తిరిగి, వాంతులై, చివరికి స్ట్రోక్ అని తేలిన సంగతి పత్రికల్లో వచ్చింది. విరవకుండా వాల్చినందుకే అలా జరిగింది.

క్షవరం అయ్యాక తలకి నూనె మర్దన చేయించుకోండి, భుజాలు పిసికించుకోండి, తప్పులేదు. మెడ విరవబోతే "వద్దు నాయనా" అని చెయ్యి పట్టుకుని ఆపండి. చిన్నపిల్లలతో గానీ, బరువైన మనిషితో గానీ నడుం మీద నిలబెట్టి తొక్కించుకోవడం కూడా మానండి. ముఖ్యంగా ముసలివాళ్ళకి. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఎముక గుల్లబారి ఉంటుంది, తొక్కితే పూస నలిగిపోవచ్చు.

మన దేశంలో కైరోప్రాక్టిక్‌కి ప్రత్యేకమైన చట్టబద్ధ మండలి లేదు. వారం రోజుల శిక్షణతో బోర్డు పెట్టినవారెవరో, నాలుగేళ్ళు చదివినవారెవరో మీకు తెలిసే మార్గం తక్కువ. అందువల్ల మీకు అందుబాటులో ఉన్న మంచి దారి ఫిజియోథెరపీ. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్యవృత్తుల చట్టం కిందికి అది వస్తుంది. డిగ్రీ చదివిన ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగైదు వ్యాయామాలు నేర్చుకుంటే, అవి జీవితాంతం మీతో ఉంటాయి.

ఇవి ఉంటే ఆలస్యం చెయ్యకండి

నూటికి కొద్దిమందిలో నడుం నొప్పి వెనక పెద్ద జబ్బు దాగి ఉంటుంది. వాళ్ళకి తొక్కించడమూ, విరిపించడమూ రెండూ ప్రమాదమే. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

1. మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తిమ్మిరి, రెండు కాళ్ళలోనూ బలం తగ్గడం. ఇది గంటల్లో చూపించుకోవలసిన విషయం. రాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకండి.

2. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీపులో ఒకేచోట పట్టుకునే నొప్పి. ఇది వెన్నెముక క్షయ కావచ్చు. దగ్గు లేకపోయినా క్షయ పూసల్లోకి చేరుతుంది. ఇంగ్లండులో పెర్సివల్ పాట్ అనే డాక్టరు 1779లోనే దీన్ని వర్ణించాడు. పట్టించుకోకపోతే పూస కూలి గూని వస్తుంది, కాళ్ళు పడిపోతాయి. వేళకి గుర్తిస్తే మందులతో నయమవుతుంది. ప్రభుత్వాసుపత్రిలో ఆ మందులు ఉచితం.

3. ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్ళకి కొత్తగా నడుం నొప్పి రావడం, పడుకున్నా తగ్గకుండా రాత్రంతా బాధించే నొప్పి.

4. పడిన తరువాత వచ్చిన నొప్పి, ముసలివాళ్ళలో చిన్న కుదుపుకే వచ్చిన నొప్పి.

5. కాలు ఈడుస్తూ నడవడం, చెప్పు తెలియకుండా జారిపోవడం.

మన ప్రాంతం వాళ్ళు మరొకటి గుర్తుపెట్టుకోవాలి. అచ్చంపేటకి అవతల దిండి, దేవరకొండ వైపు వెళితే ఫ్లోరైడు నీళ్ళతో నడుములు వంగిన నల్లగొండ నేల. ఈ జబ్బును మన దేశంలో మొదటిసారి 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకి మించి ఫ్లోరైడు ఉండకూడదు. ఏళ్ళ తరబడి అలాంటి బోరునీళ్ళు తాగినవారిలో పూసల పట్టీలు సున్నంలా గట్టిపడి వెన్నెముక కర్రలా బిగుస్తుంది. మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి. అలాంటి వెన్నును విరవబోతే విరిగేది నొప్పి కాదు, పూసే. పండ్ల మీద గోధుమరంగు మచ్చలున్న పెద్దవాళ్ళకి నడుం బిగిస్తే ఈ సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి.

మరి ఏం చెయ్యాలి?

మొదటి మాట: మంచానికి అంటుకుపోకండి. వెనకటికి నడుం పడితే మూడు వారాలు కదలవద్దనేవారు. 1986లో అమెరికాలో కొందరు రోగులకి రెండు రోజుల విశ్రాంతీ, కొందరికి ఏడు రోజుల విశ్రాంతీ ఇచ్చి చూశారు. రెండు రోజులే పడుకున్నవాళ్ళు పనికి త్వరగా వెళ్ళారు, కోలుకోవడంలో వెనకబడలేదు. కాబట్టి ఒకటి రెండు రోజులు నొప్పి లేని భంగిమలో పడుకోండి. మోకాళ్ళ కింద దిండు పెట్టుకుంటే నడుం వదులవుతుంది. ఆ తరువాత ఇంట్లో నాలుగడుగులు వెయ్యండి. మర్నాడు వీధి చివరికి, ఆపైన గుడిదాకా. కొంచెం నొప్పి ఉంటే ఉండనివ్వండి. నొప్పి అంటే ప్రతిసారీ లోపల ఏదో తెగిందని అర్థం కాదు.

కాపడం పెట్టుకోవచ్చు. తవుడైనా, ఇసుక మూటైనా, వేడినీళ్ళ సంచైనా ఒకటే. చర్మం కాలకుండా చూసుకోండి, షుగరు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడండి. నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పేరు లేని పొట్లం మందులు అసలే వద్దు. వాటిలో స్టిరాయిడ్లు కలిసి ఉండే ప్రమాదం ఉంది.

కటిక నేల మీదే పడుకోవాలా అని చాలామంది అడుగుతారు. అక్కరలేదు. 2003లో స్పెయిన్‌లో 313 మంది మీద చూస్తే, బాగా గట్టి పరుపు కన్నా ఒక మాదిరి గట్టి పరుపే మేలని తేలింది. కుక్కిమంచం మాత్రం వద్దు.

బరువు ఎత్తేటప్పుడు ఒక లెక్క తెలిస్తే చాలు. నడుం కండలు డిస్క్‌కి వెనక ఇంచుమించు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. 15 కిలోల నీళ్ళ బిందెను ఒంటికి 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ కండ 120 కిలోల బలంతో లాగవలసి వస్తుంది. అదే బిందెను 20 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకుంటే 60 కిలోలు సరిపోతుంది. బిందె అదే, నీళ్ళవే, నడుం మీద భారం సగం! కాబట్టి బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. ఎత్తుతూ నడుం తిప్పకండి, పాదాలు తిప్పండి.

హమాలీ సోదరులకి "బరువెత్తకండి" అని సలహా ఇవ్వడం సులువే. ఆ సలహా తిండి పెట్టదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస వెళ్ళిన పాలమూరు కూలీ తట్ట దింపి కూర్చోలేడు. అందుకే ఈ మాట యజమానులకి చెప్పాలి. ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలకి మించకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. బస్తా సగం చేస్తే, లారీ అంచు ఎత్తుకి ఒక బల్ల వేస్తే, ఇద్దరు కలిసి ఎత్తే పద్ధతి పెడితే ఖర్చు పెద్దగా ఉండదు. నడుం పట్టి వారం రోజుల తరువాత పనికి వచ్చినవాడికి మొదటి నాలుగు రోజులు తేలిక పని ఇవ్వండి. ఏ విరుపుడు వైద్యుడూ చేయలేని మేలు అది.

కూర్చుని పని చేసేవాళ్ళు అరగంటకొకసారి లేవండి. మిషను కుట్టే ఇల్లాలు ఒక బారు కుట్టు అయ్యాక లేచి, రెండు చేతులూ నడుం మీద పెట్టి మెల్లగా వెనక్కి వంగండి. రోజూ అరగంట నడక, వారానికి రెండు మూడుసార్లు కండలు బలపడే వ్యాయామం ఉంటే తగ్గిన నొప్పి తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది. బీడీ, సిగరెట్టు మానండి. అది డిస్క్‌కి అందే పోషణను తగ్గిస్తుంది.

నడుం నొప్పి తగ్గి మళ్ళీ వస్తే బెదిరిపోకండి. జలుబు వచ్చి పోయినట్టు అదీ వచ్చిపోతూ ఉంటుంది. 33 పూసల ఆ వెదురుగడ మిమ్మల్ని పుట్టిననాటి నుంచి మోస్తోంది. దానికి కావలసింది కుదుపు కాదు, రోజూ కొంత కదలిక. ప్రమాద సూచనల జాబితా కత్తిరించి వంటింటి గోడకి అంటించుకోండి. ఈసారి ఎవరైనా "రండి, ఒక్కసారి విరిచేస్తాను" అంటే నవ్వి, చెప్పులు వేసుకుని, నడకకి బయలుదేరండి.